తలలో ముద్దలు, వీధిలో చప్పుళ్లు

మా ఆవిడ మెదడులో ముద్దలు కడుతున్నాయని విశాఖపట్నం పెద్దాసుపత్రిలో డాక్టరు చెప్పినప్పుడు నాకు బెల్లం తప్ప మరేమీ తోచలేదు. నాకు తెలిసిన ముద్ద అదొక్కటే. బుద్ధెరిగిన దగ్గర్నుంచి చోడవరం చుట్టుపక్కల రైతుల దగ్గర బెల్లం వండాను. చెరకు రసం పెనంలో మరుగుతుంటే మంట ఎప్పుడు తగ్గించాలి, పాకం ఎప్పుడు దించాలి అని చూసుకోవడం నా పని. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. డాక్టరు కాగితం మీద ఏదో గీసి నా ముందుకు తోస్తే అది బొమ్మో రాతో కూడా తెలియక తలూపాను.

జబ్బు వరి ఊడుపుల్లో మొదలైంది. కూలికి వెళ్లిన మనిషి నడుం దాకా బురదతో ఇంటికొచ్చింది. గట్టు మీంచి పడ్డానంది.

"గట్టు రెండుగా అవుపించింది మావా. ఏది అసలుదో తెలక లేనిదాని మీద కాలేసేను" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ మాటలకి నవ్వడం నాకు పెళ్లయిన దగ్గర్నుంచీ అలవాటు. మాకు పిల్లలు లేరు. ఎందుకు లేరని అడిగినవాళ్లకి ఆవిడ ఇచ్చే జవాబు ఇక్కడ రాయదగ్గది కాదు.

తర్వాత కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయేది. వేసిన సంగతి మరిచి మళ్లీ వేసేది. బుచ్చయ్యపేట దారి కళ్లు మూసుకుని నడిచే మనిషి, ఆ దారే తప్పి ఎవరి కళ్లంలోనో కూర్చుంటే ఎవరో పుణ్యాత్ముడు సైకిలు మీద తెచ్చి దింపాడు. దసరాకి గోడ పట్టుకుని నడుస్తోంది. ఉలికిపాట్లు కూడా అప్పుడే వచ్చాయి. చెంబు కింద పడితే ఒళ్లంతా ఎగిరి పడేది. తలుపు గడియ పడినా, నేను దగ్గినా, పక్కింట్లో పోపు చిటపటలాడినా అంతే.

"ఏటే, అలాగ బెదిరిపోతన్నావు?" అన్నాను.

"నాను బెదరట్లేదు మావా. నా ఒళ్లే బెదురుతంది" అంది.

ఈ మాట నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఆవిడ తిన్నగా అన్న మాటల్లో అదే ఆఖరుది అనుకుంటాను.

చోడవరంలో చూపించాను, అనకాపల్లిలో చూపించాను. నరాల బలహీనత అన్నారు, రక్తం లేదన్నారు. చివరికి బస్సులో విశాఖపట్నం తీసుకెళ్లాను. దారిలో బస్సు హారన్ కొట్టినప్పుడల్లా ఆవిడ నా ఒళ్లో ఎగిరి పడుతుంటే, ముందు సీట్లో ఒకడు వెనక్కి తిరిగి "దెయ్యమేటి?" అని అడిగాడు. "కాదు, మా ఆడది" అన్నాను. వాడు మళ్లీ వెనక్కి తిరగలేదు.

పెద్దాసుపత్రిలో తలనిండా తీగలు అంటించి పొడుగు కాగితం మీద గీతలు తీశారు. పెద్ద డాక్టరు ఆ గీతలు చూసి, చుట్టూ ఉన్న చదువుకునే పిల్లలకి ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. నాకు మాత్రం రెండు ముక్కలే చెప్పాడు. ఇది చాలా అరుదైన జబ్బు, దీనికి మందు లేదు, ఇంటికి తీసుకెళ్లిపో. ఎన్నాళ్లంటే, ఉగాది దాకా కష్టం అన్నాడు. ఆయన మంచివాడే. అబద్ధం చెప్పలేదు.

అందరూ వెళ్లిపోయినా నేను మంచం దగ్గరే నిలబడ్డాను. ఒక చిన్న డాక్టరమ్మ మిగిలింది. ఆ పిల్ల మీద పడ్డాను.

"మందు లేకపోతే మానె. ఆ ముద్దలు ఎలాగ కరుగుతాయో అది సెప్పండి."

"కరగవు పెద్దాయనా."

"మరిగిస్తే?"

"మరిగించినా కరగవు."

"పోనీ రసంలో ఏసినట్టు సున్నం ఏస్తే?"

ఆ పిల్ల నవ్వబోయి ఆపుకుంది. "మీరేం పని చేస్తారు?" అని అడిగింది.

"బెల్లం వండతాను."

"అయితే మీకు చెప్పొచ్చు" అని మంచం అంచున కూర్చుంది. అందరి మెదడులోనూ ఒకరకం ప్రొటీను ఉంటుందట. అది ఒక పద్ధతిగా మడతపడి ఉంటుంది. ఎప్పుడో, ఎందుకో, ఒక్కటి తప్పుగా మడతపడుతుంది. దాన్ని ఆనుకున్నది కూడా అలాగే తప్పుగా మడతపడి దానికి అతుక్కుంటుంది. అలా ఒకదాన్ని చూసి ఒకటి. దానికి ప్రయాన్ అని పేరు చెప్పింది. నాకు నోరు తిరగలేదు. కానీ పాకం గుర్తొచ్చింది. దించిన పాకంలో పాత బెల్లం పొడి చిటికెడు పడితే దాని చుట్టూ గింజ కడుతుంది. ఆ గింజ పట్టుకుని ఇంకో గింజ. చూస్తుండగానే దిమ్మంతా గింజే. ఆ మాట అన్నాను.

"అంతే, అలాంటిదే" అంది.

"మరి దాన్ని ఏటితోనూ పగలగొట్టలేరా?"

"శబ్దంతో పగలగొడతారు. పై దేశాల్లో దీని మీద పరిశోధన చేసేవాళ్లు, ఈ జబ్బుతో చనిపోయిన జంతువు మెదడు తీసి, గొట్టంలో వేసి, శబ్దం పంపించి ముక్కలు చేస్తారు."

"శబ్దంతోనా? పల్లెటూరోడినని ఆటలాడుతన్నారేటమ్మా?"

ఆ పిల్లకి నా మీద కోపం రావాల్సింది. రాలేదు. మా ఆవిడ మందుకి నిద్రపోతుంటే ఆయాని కూర్చోబెట్టి, నన్ను వెనకాల కాలేజీలో ఒక గదికి తీసుకెళ్లింది. అక్కడ చదువుకునే పిల్లలు చూసుకోవడానికి బజారు నుంచి తెచ్చిన మేక మెదడు ఒక గిన్నెలో ఉంది. మనం ఆదివారం వేపుకునేదే. అందులోంచి చిన్న ముక్క తీసి నీళ్లున్న గాజు గొట్టంలో వేసింది. గొట్టాన్ని ఐసు గడ్డల్లో నిలబెట్టింది. పైన ఒక యంత్రం, దానికి కిందకి దిగిన ఉక్కు పుల్ల. పుల్ల కొస నీళ్లలో ముంచింది. ఇది మంచి మెదడు, ఇందులో జబ్బు లేదు, పని ఎలా జరుగుతుందో చూడండి అంది. నా చేతిలో దూది పెట్టి చెవుల్లో పెట్టుకోమంది.

మీట నొక్కగానే, నూనె లేని గానుగ ఇరుసు కీచుమన్నట్టు ఒక మోత. దూదిలోంచి కూడా పళ్లు జిల్లుమన్నాయి.

"ఇదేనా అమ్మా ఆ శబ్దం?"

"ఇది కాదు. అసలుది మన చెవికి అందదు. ఇది దాని తోక" అంది.

పుల్ల కదలడం లేదు. కనీసం నా కళ్లకి కదల్లేదు. కానీ నీళ్లలో మాంసం ముక్క అంచులు పొగలా విడిపోయాయి. పొగ చిక్కబడింది. ఆపేసరికి ముక్క లేదు. గొట్టం నిండా పాలు.

నాకు ఒళ్లు పులకరించింది. "మరింకేటమ్మా! ఆ పుల్ల మా ఆడదాని తలకాడ పెట్టండి" అన్నాను.

డాక్టరమ్మ దూది తీసుకుని నెమ్మదిగా చెప్పింది. తల గొట్టం కాదు. ముద్దని పగలగొట్టే శబ్దం చుట్టూ ఉన్న మంచి మెదడునీ ఇలాగే పాలు చేసేస్తుంది. అదీగాక ముద్ద పగిలితే చావదు. ఒక ముద్ద పది ముక్కలైతే పాకంలో పది గింజలు చల్లినట్టే, ఇంకా తొందరగా పాకుతుంది. పరిశోధన చేసేవాళ్లకి అదే కావాలి, జబ్బు ఎలా పాకుతుందో చూడడానికి. జబ్బు మనిషికి అది పనికిరాదు. ఇలాగని నా వృత్తి మాటల్లోనే చెప్పింది. బెల్లం వండేవాడికి గింజల మాట అందరికంటే ముందు ఎక్కాలి. ఆ రోజు నాకు ఎక్కలేదు. పాలైపోయిన గొట్టమే కళ్లల్లో ఉండిపోయింది.

వచ్చేటప్పుడు వరండాలో ఆగి ఇంకో మాట చెప్పింది. "మీరు చెయ్యగలిగింది ఒకటుంది. ఆమెకి చప్పుడు తగలకుండా చూసుకోండి. ఉలిక్కిపడ్డప్పుడల్లా ఆమెకి భయం వేస్తుంది. మాట పోయాక కూడా ఆ భయం ఉంటుంది. ఈ మిగిలిన రోజులు భయం లేకుండా వెళ్లనివ్వండి."

నాకు మిగిలిన పని అదే అయింది. ఆవిడని బతికించడం నా చేతిలో లేదు. భయపడకుండా ఉంచడం నా చేతిలో ఉందేమో చూడాలి.

మా ఇల్లు ఉన్నది అందుకు తగిన చోట కాదు. ముందు వీధి, వీధి చివర రోడ్డు, రోడ్డు మీద చెరకు లారీలు, బళ్లు, అనకాపల్లి బస్సులు, ఆటోలు. పొద్దుటా సాయంత్రం చక్కెర ఫ్యాక్టరీ కూత. పైగా రేకుల కప్పు. చినుకు పడితే డప్పే.

ముందు కప్పు సంగతి చూశాను. నరికిన చేల నుంచి చెరకాకు మోపులు తెచ్చి రేకుల మీద మందంగా పరిచి తాళ్లతో బిగించాను. గుమ్మానికి గోనె సంచులు రెండు పొరలుగా వేలాడదీశాను. స్టీలు సామాన్లు మూట కట్టి అటక మీద పెట్టి మట్టి చట్టిలో వండాను. గడియకి గుడ్డ చుట్టాను. దగ్గొస్తే పెరట్లోకి పరిగెత్తేవాడిని. ఆ ఏడాది బెల్లం పనికి వెళ్లలేదు. పెనం నాది కాకపోయినా మంట దగ్గర నేను లేని సీజను అదొక్కటే.

టీ కొట్లో నోరు మూసుకోవాల్సింది అని తర్వాత చాలామంది అన్నారు. నేనేమీ కల్పించలేదు. విశాఖపట్నంలో ఏం చూశావని అడిగితే చూసింది చెప్పాను. తలలో ముద్దలని శబ్దంతో పగలగొడతారట, కళ్లారా చూశాను, మేక మెదడు పాలైపోయింది అని. కాదన్నవాడు లేడు. పేపరు చదివేవాడు ఒకడు, "పై దేశాల్లో ఆవులకి పిచ్చెత్తే జబ్బొకటి వస్తంది, ఇది దాని అక్కో సెల్లో అయ్యుంటాది" అన్నాడు. దాంతో మా వీధిలో కొందరు మా గుమ్మం ముందు నుంచి నడవడం మానేశారు. చప్పుడు తగ్గుతుంది కదా అని నేను సంతోషించాను.

శబ్దం మాట ఎలా వెళ్లిందో చీడికాడ దాకా వెళ్లింది. అక్కడ మా బావ ఉన్నాడు, ఆవిడకి అన్న. చెల్లెలంటే ప్రాణం. ఒక మధ్యాహ్నం ఆటోల్లో దిగాడు. వెనకాల తప్పెటగుళ్ల జట్టు. కాళ్లకి గజ్జెలు, గుండెల మీద గుండ్రటి రేకు తప్పెట్లు. మా వైపు వానలు పడకపోతే వీళ్లని పిలిచి ఆడిస్తారు.

"ఏటి బావా ఇది?" అని గుమ్మంలో అడ్డం నిలబడ్డాను.

"డాక్టర్లు సెప్పిందే గదా! సప్పుడుకి ముద్ద పగుల్తాదని నువ్వే అన్నావంట. ఆళ్ల మిషను ఆళ్ల దగ్గరుంది. మన సప్పుడు మన దగ్గర నేదేటి?"

"అది ఈ సప్పుడు కాదు బావా. అది సెవికి ఇనపడదు."

"ఇనపడని సప్పుడుకే పగిలితే, ఇనపడేదానికి ఎంత పగలాలి? ఒరే బావా, తప్పెటగుళ్లకి మబ్బులో వానే దిగొస్తాది. తలలో ముద్ద దిగదా?"

జనం పోగయ్యారు. గోనె సంచులు పైకెత్తి కట్టారు. ఆవిడని మంచంతో సహా వాకిట్లోకి తెచ్చారు. ఎవరో ఒక ముసలమ్మ నుదుట బొట్టు పెట్టింది. నిజం చెప్పాలంటే గొట్టంలో పాలు నాకూ కళ్ల ముందు ఆడుతున్నాయి. నేనూ పక్కకి జరిగాను.

మొదటి దెబ్బ పడింది. ఆవిడ మంచం మీంచి చేప ఎగిరినట్టు ఎగిరింది. ఎన్నాళ్లగానో కదలని చెయ్యి గాల్లోకి లేచింది.

"కదిలింది! కదిలిందిరా!" అని వీధంతా అరుపు. బావ కళ్లంట నీళ్లు. "కొట్టండ్రా! ఆపకండి! పగుల్తంది!"

గజ్జెలూ తప్పెట్లూ ఒక్కటై మోగాయి. ఆవిడ ప్రతి దెబ్బకీ లేచి పడుతోంది. అందరూ చేతులు చూస్తున్నారు, కాళ్లు చూస్తున్నారు. నేను ముఖం చూశాను. దెబ్బకీ దెబ్బకీ మధ్య, రాబోయే దెబ్బ కోసం ఆ కళ్లు ఎలా తెరుచుకుని ఉన్నాయో చూశాను. కబేళా గుమ్మంలో గొడ్డు కళ్లు అలా ఉంటాయి. జట్టు పెద్ద దగ్గరికి వెళ్లి రెండు మణికట్లూ పట్టుకున్నాను. అతను వెంటనే ఆపేశాడు. ఆ కళ్లు అతనూ చూసే ఉంటాడు.

"ఏటి బావా, ఆపీసేవు? కదుల్తంటే అవుపించట్లేదా?"

"అది కదలడం కాదు. బెదరడం."

"నీకేటి తెలుసు?"

"నాను రోజూ సూస్తన్నాను."

"సూస్తన్నావు. సచ్చిపోద్దని సూస్తన్నావు" అన్నాడు బావ. అందరి ముందూ అన్నాడు. "పెళ్లాం పోతే ఇంకోదాన్ని తెచ్చుకుంటావు. నాకు సెల్లి మరి రాదు."

ఆ మాటకి నేను అరవాలి. నా గొంతు పెద్దదని పెనం కాడ పేరు. కానీ అరిస్తే ఆవిడ మళ్లీ ఎగిరిపడుతుంది. పళ్లు బిగించి, "ఎల్లు బావా" అని గుసగుసగా అన్నాను. గుసగుసగా పొమ్మనిపించుకున్నందుకు బావకి కోపం ఎక్కువైంది. ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. ఇక ఆ వైపు నుంచి ఎవరూ రాలేదు. మా వీధివాళ్లూ పగులుతున్నదాన్ని ఆపేశానని నన్నే అన్నారు. వైద్యం చేయించుకోనివ్వని మొగుడినయ్యాను.

తర్వాత ఇంట్లో మేమిద్దరమే. ఒకరికి మాట రాదు, ఇంకొకరు మాట్లాడకూడదు. గంజి చెంచాతో పెదవికి ఆనిస్తే కొంచెం మింగేది. ఒళ్లు తుడిచేవాడిని, పక్కకి తిప్పేవాడిని. పడుకుని ఉంటే నా ఊపిరి నాకే వినపడి ఆపుకునేవాడిని. చెవికి అందని శబ్దం ఒకటి లోకంలో ఉందని తెలిశాక నాకు నిశ్శబ్దం మీద నమ్మకం పోయింది. ఏ చప్పుడూ లేనప్పుడు కూడా ఒక్కోసారి ఆవిడ ఎగిరి పడేది. అప్పుడు చుట్టూ చూసేవాడిని. చీమ నడిచిందా, దీపం చిటుక్కుమందా, ఇంకేదైనా మోగుతోందా, నాకు అందనిది? చెయ్యి నుదుటి మీద పెట్టి అలాగే ఉండేవాడిని. ఎవరైనా వచ్చి ఏదో ఒకటి మాట్లాడితే బాగుండుననిపించేది. ఎవరైనా వస్తారేమోనని భయం కూడా ఉండేది. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా పట్టాయో నాకు తెలీదు.

మెత్తబడిన మొదటి మనిషి పక్కింటామె. ఆమె నోరు చోడవరం సంతంత. కోళ్లని తిడితే కోళ్లు కూడా తలదించుకునేవి. ఒకరోజు గోడ మీంచి మా వాకిట్లోకి తొంగి చూసి, మా ఆవిడ ఎగిరిపడడం చూసింది. అది తన గొంతుకే అని గ్రహించింది. ఆ రోజు నుంచి కోళ్లని చేతులతో తిట్టేది. చీపురు చూపించి, వేలు ఆడించి, నోరు మాత్రం చప్పుడు లేకుండా తెరిచి. ఆమె మొగుడు నా దగ్గరకొచ్చి చెవిలో అన్నాడు: "సిన్నాన్నా, నీకు దణ్ణం. ఇన్నాళ్లకి నా ఇంట్లో కూడా కాస్త సుకంగా ఉంది." ఆ నెలల్లో నేను నవ్విన నవ్వు అదొక్కటే. అదీ పెరట్లోకి వెళ్లి నవ్వాను.

ఆమె చూసి రెండో ఇల్లు, మూడో ఇల్లు. రేడియోలు చెవికి ఆనించుకుని వినేవారు. పిల్లలు గోళీలాట రోడ్డవతలికి మార్చారు. రోకళ్ల పోట్లు మా ఆవిడకి నిద్రమందు వేసి పడుకోబెట్టే వేళకి చూసుకునేవారు. కనపడితే నోటితో అడగరు. తల ఎగరేసి "ఎలా ఉంది?" అన్నట్టు చూసేవారు. అలాగే ఉందన్నట్టు నేను చెయ్యి తిప్పేవాడిని. ఫ్యాక్టరీ కూతనీ లారీలనీ ఎవరూ ఆపలేరు. కూత వేళ నాకు తెలుసు కాబట్టి ముందుగానే వెళ్లి ఆవిడ చెవుల మీద రెండు అరచేతులూ గట్టిగా మూసేవాడిని.

ఒక్క చప్పుడు మాత్రం కొత్తగా వచ్చింది. పెద్దవాళ్లకి చదువు చెప్పే బడి మా ఎదురింటి అరుగు మీద పెట్టారు. సాయంత్రం పొలాల నుంచి వచ్చిన ఆడవాళ్లు, మగవాళ్లు, పలకలు పట్టుకుని "అ, ఆ" అని ఒక్కసారిగా అరిచేవారు. చెప్పేది మా వీధి ఆడపిల్లే, ఇంటరు చదివిన గుంట. వెళ్లి దాని మీద పడ్డాను. పడ్డం కూడా గుసగుసగానే.

"అరుపులు ఆపండే. మా ఇంట్లో మనిషి బెదిరిపోతంది."

"అరవకపోతే అచ్చరాలు ఎలాగొస్తాయి తాతా?"

"రాస్తే వస్తాయి."

"ఎప్పుడైనా రాసేవేటి?"

అందరూ నవ్వారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "అయితే నువ్వు రా. అరవకుండా నేర్సుకుని సూపించు. నువ్వు మొదలెడితే సాలు, అందరం మానేస్తాం" అంది. పొగరు గుంట. కానీ మాట మీద నిలబడింది. ఆ రోజు నుంచి మా వీధి బడిలో పెదాలు కదిలేవి, గొంతు లేచేది కాదు. నా చేతిలో ఒక పలక పెట్టింది.

ఇంట్లో బలపం పలక మీద కీచుమంటే ఆవిడ కనురెప్పలు అదిరాయి. పలక తిరిగిచ్చేశాను. చేటలో సన్నటి ఇసుక పోసుకుని, మంచం పక్కన కూర్చుని, ఆ గుంట చూపించిన అక్షరం వేలితో రాశాను. ఇసుకకి చప్పుడు లేదు. అ రాసేవాడిని, చేట ఆడించి చెరిపేవాడిని, మళ్లీ అ. ఆవిడకి ఏమైనా రాశావా అని ఆ గుంట తర్వాత అడిగింది. ఏం రాస్తాను? ఆవిడకీ చదువు రాదు. నాకు అప్పటికి అంత రాతా రాదు. అక్షరాలే రాశాను. ఏదో ఒకటి చెయ్యకపోతే నాకు మాట్లాడాలనిపించేది. నోరు తెరవకుండా ఉండడానికి రాశాను. అక్షరాలు వచ్చేశాయి.

సంక్రాంతి వెళ్లి చలి తగ్గింది. ఆవిడ ఎగిరిపడడం కూడా తగ్గింది. మొదట బాగుపడుతోందేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఎగరడానికి ఒంట్లో ఏమీ మిగల్లేదు. కళ్లు తెరిచి ఉండేవి కానీ అందులో ఆ భయం లేదు. నేను మళ్లీ మళ్లీ వంగి అదే చూసేవాడిని. లేదు. లేదంటే లేదు. రోజూ అంత మాత్రం చూసుకుని లేచేవాడిని.

ఒక పొద్దున్న, కూత వేళ దగ్గర పడిందని లేచి వెళ్లి చెవుల మీద చేతులు పెట్టాను. చెవులు చల్లగా ఉన్నాయి. కూత వచ్చింది, పోయింది. చేతులు తియ్యలేదు. ఎవరినీ పిలవలేదు. పిలిస్తే వస్తారు, వస్తే ఏడుస్తారు. మా వైపు శోకం అంటే వీధి చివరికి వినపడాలి. ఇన్నాళ్లు కాపాడుకున్న చప్పుడులేనితనం ఇంకొంచెం ఉండనీ అనుకున్నాను. ఎండ గోనె సంచి కంతల్లోంచి నేల మీద పడేదాకా అలాగే కూర్చున్నాను.

పక్కింటామె గోడ మీంచి తల ఎత్తింది. రోజూ లాగే చేతితో అడిగింది, ఎలా ఉందని.

"పోయింది" అన్నాను. మామూలు గొంతుతోనే అన్నాను. ఆ గొంతు నాకే కొత్తగా ఉంది. ఎవరో పెద్దమనిషి ఇంట్లో దూరి మాట్లాడినట్టుంది.

ఆమె ఉలిక్కిపడింది. ఆమె మాత్రం గుసగుసగానే, "ఎప్పుడు సిన్నాన్నా?" అంది.

వీధిలో ఆడవాళ్లు వచ్చారు. చెప్పులు దూరంగా విప్పి, మునివేళ్ల మీద నడిచి వచ్చారు. మంచం చుట్టూ కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. భుజాలు ఊగుతున్నాయి, గొంతు లేదు. ఎదురింటి అరుగు బడివాళ్లు ఎలా చదివేవారో అలా ఏడుస్తున్నారు.

"ఏడవండే" అన్నాను. "ఇప్పుడింకేటి? గట్టిగా ఏడవండి. మనిషి పోతే ఇలాగేనా ఏడిసేది?"

ఎవరికీ గొంతు రాలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అలవాటు వాళ్లని పట్టేసింది, నన్ను పట్టినట్టే.

ఎండెక్కాక మా బావ వచ్చాడు. కబురు పంపింది నేను కాదు. వీధి మొదట్లోనే ఆటో ఆపించి దిగాడు. నడిచి వచ్చాడు. ఎవరు చెప్పారో, చెప్పులు చేతిలో పట్టుకుని, గోనె సంచి మెల్లగా తప్పించి లోపలికి వచ్చాడు. గడియకి చుట్టిన గుడ్డ చూశాడు, చేటలో ఇసుక చూశాడు. కప్పు కేసి చూశాడు. పైన చెరకాకు ఎందుకు పరిచి ఉందో అప్పటికి తెలిసి ఉంటుంది.

"బావా" అన్నాడు, నాకు మాత్రమే వినపడేట్టు. "బెదిరిందేటి? ఆకర్న?"

"లేదు" అన్నాను. "బెదర్లేదు."

అతను మంచం మీదకి వంగి ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు. అప్పుడు వీధి చివరికి వినపడేట్టు, "నా సెల్లీ!" అని ఒక్క కేక పెట్టాడు. ఆ కేకతో ఆడవాళ్లందరికీ గొంతులు వచ్చేశాయి. ఇల్లంతా ఒక్కసారి ఘొల్లుమంది.

నేను కూర్చున్నచోట ఒళ్లంతా ఎగిరి పడ్డాను. ఎవరో మంచినీళ్లకని నా చేతిలో పెట్టిన చెంబు కింద పడి దొర్లింది. పక్కింటామె ఏడుపు ఆపేసి నా వైపు చూసింది. ఆమెను చూసి ఇంకొకరు ఆపారు.

"నాకేటీ లేదు. ఏడవండి" అన్నాను.